ఫారంలో దాపరికం ఎవరికి నేరం?

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, పోవాలంటే గూఢచారి కానక్కర్లేదు. దానికోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో తెలిసీ ఒకచోట ‘లేదు’ అని రాస్తే చాలు. వంద పేజీలు దాటిన ఆ ఫారం గత ఏడేళ్లలో గంజాయి తాగారా, ఉద్యోగంలోంచి తీసేశారా, విదేశాల్లో దగ్గరివాళ్లు ఎవరున్నారు అని ఆరా తీస్తుంది. 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న, క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా తేల్చే 13 మార్గదర్శకాల్లో ‘ఇ’ అన్నది వ్యక్తిగత ప్రవర్తన గురించి. దాని గురి ప్రధానంగా దాపరికం మీదే.

ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. ఎప్పుడో తాగానని ఒప్పుకున్నవాడికి కాలం గడిచిందన్న వెసులుబాటు ఉంది. కావాలని దాచి, అధికారి నిలదీశాక నోరు విప్పినవాడు గట్టెక్కడం కష్టం. నిలదీయకముందే తనంతట తాను సరిదిద్దుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది. పౌరసత్వం వచ్చాక రక్షణ కాంట్రాక్టుల్లో చేరే మనవాళ్లకు ‘రాయకు, ఎవరికి తెలుస్తుంది’ అని సలహా ఇచ్చేవాళ్లుంటే ఆమడ దూరం పెట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య పేరు రాస్తే నాలుగు ప్రశ్నలు ఎదురవుతాయి. దాస్తే కొలువుకే ఎసరు.

సొంత జీవితంతో సర్కారుకేం పని అనేవాళ్లున్నారు. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. 1953 నాటి ఐసెన్‌హోవర్ ఉత్తర్వు అండతో స్వలింగ సంపర్కులను కొలువుల్లోంచి తరిమారు. ఆ ఒక్క కారణంతో క్లియరెన్స్ నిరాకరించకూడదన్న మాట 1995లో క్లింటన్ ఉత్తర్వుతో గానీ రాలేదు. అయినా, గుట్టు ఉన్నవాణ్ని బెదిరించి లొంగదీసుకోవచ్చన్న లెక్క మాత్రం తప్పు కాదు.

అసలు పేచీ వేరే ఉంది. ఈ తూకం పెద్దలకు వేరు. 1954 జూన్ 29న అణుబాంబు శాస్త్రవేత్త ఆపెన్‌హైమర్ క్లియరెన్స్‌ను అణుశక్తి కమిషన్ 4-1తో రద్దు చేసింది, గడువు మర్నాటితో ఎలాగూ ముగుస్తున్నా సరే. సోవియట్‌కు రహస్యాలు చేరవేసే మాట మిత్రుడు షెవలియర్ తన దగ్గర ఎత్తిన వ్యవహారంలో ఆయన అబద్ధమాడిన మాట నిజమే. కానీ ఆ సంగతి తెలిసే 1947లో కొనసాగించారు. మధ్యలో మారింది ఆయన శీలమా, హైడ్రోజన్ బాంబు మీద ఆయన అభిప్రాయం మింగుడుపడని పెద్దల పంతమా? 2022 డిసెంబరులో ఇంధన శాఖ ఆ నిర్ణయాన్నే కొట్టేసింది.

ఇటు చూడండి. ట్రంప్ అల్లుడు కుష్నర్ 2017లో ఇచ్చిన మొదటి ఫారంలో విదేశీ పరిచయాలే లేవు. తొందరపాటులో వెళ్లిపోయిందన్నారు, మళ్లీ మళ్లీ సవరించారు, 2018 మేలో శాశ్వత క్లియరెన్స్ అందుకున్నారు. వైట్‌హౌస్ భద్రతా విభాగం ఇచ్చిన 25 తిరస్కరణలను పైవాళ్లు తిరగరాశారని అక్కడి ఉద్యోగిని ట్రిషియా న్యూబోల్డ్ 2019లో ప్రతినిధుల సభ కమిటీకి చెప్పారు. ఆ తిరస్కరణల కారణాల్లో వ్యక్తిగత ప్రవర్తన కూడా ఉంది.

క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు చేయి వేయనిచోట అమెరికా చట్టసభ కాంగ్రెస్ అయినా అడగాలి: తిరస్కరణను తిరగరాసిన ప్రతి అధికారీ ఎందుకు రాశాడో సంతకం పెట్టి నిఘా కమిటీలకు పంపాలి.