అక్కర్లేదని తేలినా ఆగని వైద్యం

ఒక మందు బాగా పనిచేస్తోందని పరిశోధనలో తేలితే ఆ కబురు మన పట్టణాల క్లినిక్కులకు చేరడానికి ఎన్నో రోజులు పట్టదు. పనిచేయడం లేదని తేలితే మాత్రం ఏళ్లు గడిచినా చేరదు. 2025 ఆగస్టు చివర మాడ్రిడ్‌లో యూరప్ హృద్రోగ నిపుణుల మహాసభ జరిగింది. రీబూట్ అనే ట్రయల్ ఫలితాలను అక్కడ ప్రకటించారు. స్పెయిన్, ఇటలీల్లోని 109 ఆస్పత్రుల నుంచి 8,505 మందిని తీసుకున్న ట్రయల్ అది. గుండెపోటు వచ్చి తగ్గినా గుండె పంపింగ్ మరీ పడిపోనివారికి, అంటే ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం శాతం) 40 పైన ఉన్నవారికి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రల వల్ల అదనపు మేలు కనిపించలేదని అందులో తేలింది. దాదాపు నాలుగేళ్లు గమనించినా మాత్ర వేసుకున్నవారికీ వేసుకోనివారికీ మరణాల్లో గానీ, మళ్లీ గుండెపోటు రావడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఆ మాత్ర వేసుకున్న మహిళల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి.

గుండెపోటు వచ్చి వెళ్లిన ప్రతి మనిషి చీటీలోనూ కనిపించే మాత్ర ఇది. ఈ రకానికి చెందిన మెటోప్రొలాల్ పేరు తెలియని ఇల్లు అరుదు. నీరసం, తల తిరగడం, మెట్లెక్కితే ఆయాసం అని వాపోయేవారికి జీవితాంతం వాడాల్సిందేనని చెప్పి పంపుతున్నారు. రీబూట్ ఫలితం వచ్చాక మన రాష్ట్రాల్లో ఎంతమంది రోగుల చీటీలను మళ్లీ పరిశీలించారు? ఎకో అనే గుండె స్కాన్ తీసి, ఈఎఫ్ చూసి, ఈ మాత్ర ఇంకా అవసరమా అని ఎంతమంది ఆలోచించారు? ఏ ప్రభుత్వం అడిగింది, ఏ వైద్య మండలి అడిగింది?

అదే 2025లో, మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి, బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన మార్కెట్‌లోకి వచ్చాయి. వాటి గురించి ఎవరూ ఎవరికీ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు. వాటిలో ఒకదానిలో ఉండే మందు సెమాగ్లుటైడ్ మీద 17,604 మందితో జరిగిన సెలెక్ట్ ట్రయల్‌లో గుండె జబ్బు ముప్పు 20 శాతం తగ్గిందన్న మాట ఊరూరా తిరిగింది. ఆ మేలు నిజమే, మేం కాదనడం లేదు. కానీ ఆ 20 శాతం వెనక అసలు లెక్క ఏమిటంటే, మందు తీసుకోనివారిలో 100కి 8 మందికి ముప్పు ఎదురైతే తీసుకున్నవారిలో ఆరున్నర మందికి ఎదురైంది. రోగికి ఈ లెక్క చెప్పేవారు లేరు, పెద్ద అంకె మాత్రం ముందే చేరిపోయింది. అమ్మడానికి సరుకున్న పరిశోధనకు కాళ్లొస్తాయి, ఆపేయమని చెప్పే పరిశోధన పుట్టినచోటే ఉండిపోతుంది. మా ఆందోళనంతా దీని గురించే.

డాక్టర్ల వాదన మాకు తెలుసు. ప్రతి రోగీ వేరు, విదేశీ ట్రయల్స్ మనకు అతకవు, చీటీలో మందు రాయకపోతే రోగే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లిపోతాడు అంటారు. బీటా బ్లాకర్ విషయంలో ఇంకా తేలని సంగతులూ కొన్ని ఉన్నాయి. మాడ్రిడ్ సభలోనే డెన్మార్క్, నార్వే పరిశోధకులు తమ ట్రయల్‌లో ఈ మాత్రకు కొంత మేలు కనబడిందన్నారు. ఈఎఫ్ కొద్దిగా తగ్గినవారికి మేలు ఉందని కొన్ని ట్రయల్స్‌ను కలిపి చేసిన విశ్లేషణ చూపింది. పంపింగ్ మామూలుగా ఉన్నవారికి మాత్రం ట్రయల్స్ అన్నీ కలిపి చూసినా మేలు కనబడలేదు. సంగతి ఇంత సూక్ష్మంగా ఉంది కాబట్టే ఒక్కో రోగినీ మళ్లీ చూడాలంటున్నాం. వేరు వేరు రోగులకు ఒకే మాత్రను కళ్లు మూసుకుని రాస్తూ, ప్రతి రోగీ వేరు అనడం ఎలా కుదురుతుంది?

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపకూడదు. ఏళ్లుగా వేసుకుంటున్న బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఫ్రాన్స్‌లో 3,698 మందితో జరిగిన అబిస్ ట్రయల్‌లో, మాత్ర ఆపినవారు ఆస్పత్రి పాలవడం కాస్త ఎక్కువగానే కనిపించింది. ఆపాలా, కొనసాగించాలా అన్నది డాక్టరు చూసి తేల్చాలి. ఆయన చూడాలన్నదే మా డిమాండ్.

ఇక స్టెంట్ల సంగతి. గుండెపోటు వచ్చిన గంటల్లో వేసే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అందులో రెండో మాట లేదు. కానీ నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గిపోయే స్థిరమైన నొప్పి సంగతి వేరు. అలాంటివారి మీద జరిగిన ఇస్కీమియా ట్రయల్ ఫలితాలు 2019లో బయటికొచ్చాయి. 37 దేశాలు, 5,179 మంది. అమెరికా ప్రభుత్వ డబ్బుతో జరిగింది. ముందుగానే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినవారికీ, మందులతో నడిపినవారికీ మరణాల్లో తేడా రాలేదు. నొప్పి బాగా ఉన్నవారికి స్టెంట్‌తో ఉపశమనం ఎక్కువ దొరికింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవారిని, పంపింగ్ బాగా పడిపోయినవారిని ఆ ట్రయల్‌లో చేర్చలేదు. వారికి ఈ ఫలితం వర్తించదు. 2007లోనే కరేజ్ అనే ట్రయల్ దాదాపు ఇదే చెప్పింది. విదేశీ ట్రయల్ మనకు అతకదనేవారికి ఒక్క మాట: ఇస్కీమియాలో మన దేశపు ఆస్పత్రులు పాల్గొన్నాయి, మన రోగులు ఉన్నారు. మన మనుషుల శరీరాల మీద తేల్చిన సత్యం మన మనుషులకే అందడం లేదు.

ఈరోజు కూడా జరుగుతున్నదేమిటి? యాంజియో టేబుల్ మీద మనిషిని పడుకోబెట్టి, బయట ఉన్న కొడుకునో అల్లుడినో పిలిచి, తెర మీద మసక బొమ్మ చూపించి, '80 శాతం బ్లాక్ ఉంది, ఇప్పుడే వేసేయాలి, సంతకం పెట్టండి' అంటారు. ఆ టెన్షన్‌లో 'మందులతో చూడొచ్చా' అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? స్థిరమైన నొప్పి ఉన్నవారిని అంత తొందరపెట్టాల్సిన పని లేదని అంత పెద్ద ట్రయల్ చెప్పిందని ఆ కుటుంబానికి ఎవరు చెబుతారు? 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేసింది. లక్ష రూపాయలు దాటి అమ్మిన మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు ధర కట్టింది. మంచి పని. కానీ అసలు స్టెంట్ అవసరమా అన్న ప్రశ్నను ముట్టుకోలేదు.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో 2024 నవంబరులో గుజరాత్ చూసింది. కడి దగ్గరి ఒక పల్లెలో ఉచిత వైద్య శిబిరం పెట్టి, 19 మందిని అహ్మదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లి యాంజియోగ్రామ్‌లు చేశారు. ఏడుగురికి యాంజియోప్లాస్టీ చేశారు. ఇద్దరు చనిపోయారు. అవసరం లేకుండానే, ప్రభుత్వ బీమా డబ్బు కోసం చేశారన్న ఆరోపణలపై కేసులు నమోదయ్యాయి, అరెస్టులు జరిగాయి. దీన్ని ఏదో దూరపు రాష్ట్రంలో జరిగిన నేరంగా చూసి వదిలేయలేం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలి ఏళ్లలోనే గర్భసంచి ఆపరేషన్లు విపరీతంగా పెరిగి, ప్రభుత్వం వాటికి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. బిల్లు వచ్చే ఆపరేషన్ ఎలా పెరుగుతుందో మన రాష్ట్రాలకు అప్పుడే తెలిసింది.

మెదడు జబ్బుల్లో పరిస్థితి ఇంతకన్నా బాధాకరం. పక్షవాతం వచ్చిన ఇంట్లో అడిగి చూడండి, సిటికోలిన్ మాత్రలో ఇంజెక్షన్లో వాడని కుటుంబం దొరకడం కష్టం. నెలల తరబడి కొంటారు. ఈ మందు మీద స్పెయిన్, పోర్చుగల్, జర్మనీల్లో 2,298 మందితో జరిగిన ఇక్టస్ ట్రయల్ 2012లో వెలువడింది. డబ్బు పెట్టింది ఆ మందు తయారుచేసే కంపెనీయే. మందు తీసుకున్నవారు తీసుకోనివారికన్నా మెరుగ్గా కోలుకోలేదని తేలింది. తలకు దెబ్బ తగిలిన 1,213 మంది మీద అమెరికాలో జరిగిన మరో ట్రయల్ కూడా అదే ఏడాది అదే మాట చెప్పింది. తయారీదారు సొమ్ముతో చేసిన ట్రయలే మేలు చూపలేకపోయిన మందును, అన్నేళ్ల తర్వాత కూడా మన పేద కుటుంబాలు అప్పు చేసి కొంటున్నాయి. రక్తం గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగితే మనిషి నిలబడే అవకాశం పెరుగుతుంది. ఆ తర్వాత రోజూ ఫిజియోథెరపీ కావాలి. జిల్లా కేంద్రం దాటితే ఈ రెండూ దొరకడం గగనం. దొరికేది మాత్రం సిటికోలిన్.

ఆస్పిరిన్ విషయానికొస్తే, గుండెపోటు గానీ పక్షవాతం గానీ ఎప్పుడూ రానివారు కూడా యాభై దాటగానే 'ముందు జాగ్రత్త' అంటూ రోజుకో ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నారు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఎక్కువగా 70 ఏళ్లు దాటిన 19,114 మందితో జరిగిన యాస్ప్రీ ట్రయల్, అలాంటి ఆరోగ్యవంతులైన పెద్దలకు దానివల్ల మేలు లేదనీ, తీవ్రమైన రక్తస్రావం పెరుగుతుందనీ 2018లోనే చెప్పింది. స్టెంట్ ఉన్నవారికి, ఒకసారి జబ్బు వచ్చినవారికి సాధారణంగా ఆస్పిరిన్ అవసరమే. మిగతావారికి ఎందుకు రాస్తున్నారు? మోకాలి లోపలి పొర అరిగి చిరిగిందని చేసే కీహోల్ ఆపరేషన్ కూడా ఇలాంటిదే. ఫిన్లాండ్ డాక్టర్లు కొందరికి చిరిగిన భాగాన్ని తీయకుండానే ఆపరేషన్ చేసినట్టు నటించి పోల్చి చూశారు. ఏడాది తర్వాత తేడా లేదు. అది 2013 నాటి మాట.

అలవాటైన వైద్యాన్ని ప్రశ్నించకపోతే ప్రాణాలే పోతాయని వైద్యశాస్త్రానికి తెలియంది కాదు. గుండెపోటు తర్వాత లయ తప్పిన గుండెను సరిచేస్తాయని 1980ల్లో అమెరికాలో విరివిగా రాసిన మాత్రలను కాస్ట్ అనే ట్రయల్‌లో పరీక్షించారు. ఈసీజీ చక్కబడింది. కానీ మాత్ర వేసుకున్నవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా రెట్టింపుకు పైగా చనిపోయారు. 1989లో ఆ మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. తలకు గాయమైనవారికి దశాబ్దాలుగా ఇచ్చిన స్టెరాయిడ్లు మరణాలను పెంచుతున్నాయని 2004లో, 10,008 మందిని చేర్చుకున్నాక, క్రాష్ ట్రయల్ తేల్చింది. ఆ పాఠాలు మెడికల్ కాలేజీల్లో చెబుతున్నారు. పాఠం చెప్పేవారే ఓపీలో కూర్చోగానే దాన్ని ఎలా మరిచిపోతున్నారు?

అమ్మే కంపెనీకి లాభం లేని మంచి కూడా ఇలాగే ఆగిపోతోంది. చైనాలో 600 గ్రామాల్లో 20,995 మందిని చేర్చుకుని, సగం గ్రామాలవారికి మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి దాదాపు ఐదేళ్లు చూస్తే, వారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అది 2021 నాటి ఫలితం. ఆవకాయ, ఊరగాయ, అప్పడం లేకుండా ముద్ద దిగని మన ఇళ్లకు ఇంతకన్నా కావలసిన పరిశోధన ఏముంటుంది? కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ ఉప్పు వాడకూడదు కాబట్టి జాగ్రత్తగానే చేయాలి. ఆ జాగ్రత్తల గురించిన చర్చ మన ఇళ్లదాకా రాలేదు. ఉప్పు గురించి చెప్పడానికి బ్యాగు పట్టుకుని డాక్టరు గది బయట నిలబడే మెడికల్ రెప్ ఎవరూ లేరు మరి.

అసలు సమస్య అక్కడే ఉంది. డాక్టరుకు కొత్త పరిశోధన చేరే దారి దాదాపుగా కంపెనీల చేతుల్లో ఉంది. కాన్ఫరెన్సులు వాళ్ల సొమ్ముతో నడుస్తాయి. మందు ఆపమని చెప్పే ట్రయల్‌కు ఆ వేదిక మీద ఎవరు డబ్బు పెడతారు? రీబూట్‌కు కంపెనీల నిధులు లేవు, స్పెయిన్ జాతీయ హృద్రోగ పరిశోధన కేంద్రం నడిపింది. కంపెనీల సొమ్ముతో జరిగే సదస్సులకు డాక్టర్లు దూరంగా ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నిబంధన తెచ్చింది. ఆగస్టు 23న మొత్తం నిబంధనావళినే పక్కన పెట్టేసింది. మూడు వారాలకు మించి నిలబడలేకపోయింది. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఫార్మా మార్కెటింగ్ కోడ్ ప్రకారం, కంపెనీ మీద వచ్చిన ఫిర్యాదును విచారించేది కంపెనీల సంఘమే. రోగికి ఈ ఏర్పాటులో చోటెక్కడ?

తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచుకుంది. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో పథకాన్ని నడుపుతోంది. ఎంత ఖర్చు పెడుతున్నామో ప్రతి సభలో చెప్పే పాలకులు, అందులో ఎంత అక్కర్లేని వైద్యానికి పోతోందో ఒక్కసారైనా లెక్క తీయించాలి. స్థిరమైన నొప్పికి స్టెంట్ అడిగితే, ముందు ఏ మందులు ఎంతకాలం వాడారో చూపించందే అనుమతి ఇవ్వకూడదు. గుండెపోటు వచ్చి ఏడాది దాటిన ప్రతి రోగికీ ఒక ఎకో, మందుల చీటీపై ఒక పునఃపరిశీలన పథకంలోనే ఉచితంగా చేర్చాలి. నిమ్స్, స్విమ్స్ లాంటి సంస్థల నిపుణులతో కమిటీ వేసి, ఏ మందు, ఏ ఆపరేషన్ ఎవరికి అక్కర్లేదని పరిశోధనలు తేల్చాయో ఏటా తెలుగులో జాబితా విడుదల చేయాలి. దాన్ని ప్రతి ఆస్పత్రి గోడ మీదా అంటించాలి.

వైద్య కమిషన్ తాను మడిచి పెట్టిన నిబంధనలను మళ్లీ తెరవాలి. కంపెనీల నుంచి, వైద్య సంఘాల నుంచి నిరసన వస్తే మూడు వారాల్లో వెనక్కి తగ్గే సంస్థ, దేశంలోని రోగుల తరఫున ఎవరి ముందు నిలబడుతుంది? బయటకు చెప్పుకోలేని, కాన్ఫరెన్సుకు స్పాన్సర్ లేని, కోర్టుకు వెళ్లే స్తోమత లేని రోగి కూడా ఫీజు కట్టే వచ్చాడు. అతని చీటీ మీద ఉన్న మందు అతనికి అవసరమా కాదా అన్నది తెలుసుకుని రాయడం డాక్టరు ఉద్యోగం. అలా రాస్తున్నారా లేదా అని చూడడం కమిషన్ ఉద్యోగం. రెండూ జరగడం లేదు.