శాలువాతో పాటు ఒక వినతిపత్రం

ఈసారి కెనడాలోని మన తెలుగు సంఘం ఉగాదిలో పంచాంగ శ్రవణం సింహరాశి దగ్గర ఆగిపోయింది. పంతులుగారు ఆదాయం చదివారు, వ్యయం చదవబోతున్నారు. ఇంతలో ఎంపీ గారు వచ్చేశారని వేదిక మీద హడావిడి మొదలైంది, పంతులుగారి చేతిలోని మైకు వ్యాఖ్యాత చేతిలోకి వెళ్ళింది. పంతులుగారు చదువుతున్న పుట జారిపోకుండా పంచాంగంలో వేలు పెట్టి మూసి, వేదిక పక్కన నిలబడ్డారు. ఎంపీ గారు దీపం వెలిగించారు, ఆయనకు శాలువా కప్పారు, కొండపల్లి బొమ్మ ఇచ్చారు, కార్యవర్గం మొత్తం ఫోటోలు దిగింది. ఇరవై నిమిషాల తరువాత కూడా ఆ వేలు అలాగే ఉంది. ఆపైన పిల్లల నాట్యాలకు ఆలస్యమైపోతోందని పంచాంగం జోలికి ఎవరూ వెళ్ళలేదు.

మా అమ్మది సింహరాశి. "వ్యయం చదవలేదేమే?" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కార్యవర్గాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తెల్లవారుజామున లేచి నాలుగు వందల మందికి పులిహోర కలిపినవారి శ్రమ నాకు తెలుసు. శాలువా కప్పడం కూడా నాకు తప్పుగా తోచదు. మా ఇంట్లో పోస్టుమాన్ వచ్చినా గ్లాసుడు మజ్జిగ తాగించకుండా పంపేవారు కాదు మా నాన్న. వచ్చినవారిని గౌరవించడం మన మంచి అలవాటు, దాన్ని వదులుకోమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. నన్ను బాధపెట్టింది వేరే విషయం. "మీకు ఏ అవసరం వచ్చినా మా కార్యాలయానికి రండి" అని ఎంపీ గారు వేదిక మీద నుంచి అన్నారు. మనమంతా చప్పట్లు కొట్టాం. మన అవసరం ఇదీ అని ఒక్కరమూ చెప్పలేదు.

నేను ఆ కార్యాలయానికి వెళ్ళినదాన్ని. నాన్న పోయాక అమ్మ ఒంగోలులో ఒంటరిగా ఉండిపోయింది. తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చి ఏళ్ళ తరబడి ఉండేందుకు ఇచ్చే సూపర్ వీసాకు దరఖాస్తు పెట్టాం. నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. రాత్రి ఆమె ఫోను ఎత్తకపోతే పక్కింటివాళ్ళను నిద్రలేపి తలుపు కొట్టించిన రోజులున్నాయి. చివరికి కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఎంపీ కార్యాలయం మెట్లెక్కాను. పంటి డాక్టరు పక్కన చిన్న రెండు గదులు. అక్కడి అమ్మాయి నా చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుని, ఫైలులోని ప్రతి కాగితమూ చదివింది, వీసా వాళ్ళకు రాసింది. కొన్ని వారాల్లో కదలిక వచ్చింది. ఈరోజు అమ్మ నా పక్కన కూర్చుందంటే ఆ అమ్మాయి చలవే.

ఆ రోజు ఎంపీ గారు కూడా లోపలి గదిలోంచి వచ్చి పది నిమిషాలు కూర్చున్నారు. "మీవాళ్ళలో ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఉంటాయి?" అని అడిగారు. చాలా అన్నాను. "మూడేళ్ళుగా మీ ఉగాదికి వస్తున్నాను, ఈ సంగతి నాతో ఎవరూ అనలేదు" అన్నారాయన. సిగ్గుతో తల దించుకున్నాను. ఆ మూడు ఉగాదులకూ నేను ముందు వరుసలోనే ఉన్నాను.

తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకునే స్పాన్సర్‌షిప్ సంగతి మీకు తెలియనిది కాదు. 2020 శరదృతువులో స్పాన్సర్ చేయాలనుకునేవారి పేర్లు తీసుకున్నారు. 2025 దాకా ఏటా ఆ పాత జాబితాలోంచే పిలిచారు. 2020 తరువాత ఈ దేశానికి వచ్చినవారికి పేరు రాసుకునే అవకాశమే రాలేదు. సూపర్ వీసా ఉంది కదా అంటారు. 2022 జూలై నుంచి ఒకసారి వస్తే ఐదేళ్ళు ఉండవచ్చు, అది మేలే. కానీ లక్ష డాలర్ల ఆరోగ్య బీమా మనమే కొనాలి. బీపీ, షుగరు ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ బీమా ఖర్చెంతో కట్టినవారికి తెలుసు.

ఉగాది మరునాడు కూర్చుని, మన ఎంపీ గారు ఏడాదిగా పార్లమెంటు దిగువసభ అయిన హౌస్ ఆఫ్ కామన్స్‌లో మాట్లాడినవన్నీ చదివాను. వెబ్‌సైట్‌లో అన్నీ ఉంటాయి. ఇళ్ళ ధరల గురించి, రైలు మార్గం గురించి మాట్లాడారు. ఇతర సమాజాలవాళ్ళు ఇచ్చిన పిటిషన్లు సమర్పించారు. తెలుగువారి ప్రస్తావన ఒకే ఒక్కచోట కనబడింది: ఉగాది శుభాకాంక్షలు. మనం ఆయనకు ఇచ్చింది అంతే కదా!

2022 మేలో, అప్పటి నేపియన్ నియోజకవర్గం ఎంపీ చంద్ర ఆర్య అదే సభలో కన్నడంలో మాట్లాడారు. ఆ వీడియో మన వాట్సాప్ బృందాలన్నిటిలో తిరిగింది, మన తెలుగు ఎప్పుడు వినబడుతుందో అని అందరం నిట్టూర్చాం. వినబడితే నాకూ కళ్ళు చెమరుస్తాయి. అయితే ప్రశ్నోత్తరాలకు ముందు సభ్యుడికి దొరికే ప్రకటన సమయం ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మా అమ్మలాంటివారి మాట వినబడాలని నా కోరిక, ఏ భాషలోనైనా సరే.

దానికి దారి ఉంది. సభకు కాగితం మీద ఇచ్చే పిటిషన్‌కు, అంటే వినతిపత్రానికి, 25 సంతకాలు చాలు. ఓటు హక్కు అక్కర్లేదు. ఈ దేశంలో నివసిస్తుంటే చాలు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలూ పెట్టవచ్చు. వయసు పరిమితి లేదు. ఎంపీ దాన్ని సభలో సమర్పిస్తే ప్రభుత్వం 45 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగు వందల మంది కూడిన హాలులో 25 సంతకాలకు ఎంతసేపు పడుతుంది?

కార్యవర్గ సభ్యులారా, వచ్చే ఉగాదికి ఎంపీ గారిని తప్పకుండా పిలవండి, శాలువా కప్పండి. పంచాంగ శ్రవణం పూర్తయ్యాక వచ్చేలా వేళ చెప్పండి. వస్తే ఆయనా ముందు వరుసలో కూర్చుని వింటారు. పచ్చడి పంచే బల్ల పక్కన నాకొక చిన్న బల్ల వేయించండి. వినతిపత్రం నేను రాసి తెస్తాను, కలాలూ నేనే తెస్తాను, పొద్దుటి నుంచి భోజనాల దాకా అక్కడే నిలబడతాను. పచ్చడి తీసుకున్న ప్రతి ఒక్కరూ ఒక సంతకం పెట్టి వెళ్ళండి.