ఎక్కినవాళ్లకు 8 నిమిషాలు, కింద ఉన్న మాకు ఎంతసేపు?

మా అన్నయ్య రాత్రి రెండు గంటలకు వేటకు వెళ్తాడు. పొద్దున్న తొమ్మిదికో తొమ్మిదిన్నరకో ఒడ్డుకు వస్తాడు. వల దులిపి, చేప తూకానికి వేసి, ఇంత చద్దన్నం తిని పడుకునేసరికి పదకొండవుతుంది. మూడింటిదాకా పడుకుంటేనే మళ్లీ రాత్రి సముద్రం మీద కళ్లు నిలుస్తాయి. ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ చుట్టుపక్కల మా తెలుగు జాలరి పేటల్లో వేటకు వెళ్లేవాళ్లందరి నిద్రా ఇంతే.

ఈ శీతాకాలం రెండు వారాల పాటు సరిగ్గా ఆ నాలుగు గంటలూ మా పేట మీద హెలికాప్టర్ తిరిగింది.

టూరిస్టుల కోసం పెట్టిన జాయ్‌రైడ్ అది. పేటకు అర కిలోమీటరు కూడా లేని చోట ఖాళీ స్థలం చదును చేసి అక్కడి నుంచి ఎగరేశారు. లేవడం, తీరం వెంబడి ఒక చుట్టు, దిగడం. మొత్తం 8 నిమిషాలు. ఎవరిని అడిగినా ఆ మాటే: "ఎనిమిది నిమిషాలే కదా, ఆ మాత్రం ఓర్చుకోలేరా?"

ఒక ఆదివారం నేను ఇంటి దగ్గరే ఉండి నోట్‌బుక్‌లో గీతలు పెట్టాను. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు 34 సార్లు లేచింది. 34 ఎనిమిదులు 272. అంటే నాలుగున్నర గంటలు. ఎనిమిది నిమిషాలు అన్న లెక్క టికెట్ కొన్నవాళ్లది. ఎక్కేవాళ్లు మారిపోతూ ఉంటారు, ఒక్కొక్కరికి ఒక్క రైడే. కింద ఉన్నవాళ్లం మేమే, 34 రైడ్‌లూ మావే. పర్మిషన్ ఇచ్చేవాళ్లు కూడా ఒక్క రైడ్‌నే చూసి సంతకం పెడుతున్నారేమో అని నాకు అనుమానం. పేటలో కూర్చుని లెక్క పెట్టినవాళ్లు ఒక్కరైనా ఉంటే ఆ కాగితం మీద సంతకం పడేది కాదు.

మా ఇళ్లలో ఎక్కువ భాగం రేకుల కప్పులే. హెలికాప్టర్ వచ్చినప్పుడు చెవికంటే ముందు రేకుకు తెలుస్తుంది. గూట్లో గ్లాసులు గలగలమంటాయి. దీనికి కారణం ఉంది. నాలుగు రెక్కల హెలికాప్టర్‌లో పైన ఉన్న ఫ్యాన్ నిమిషానికి సుమారు 400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు 27 దెబ్బలు గాలి మీద పడుతున్నట్టు. అంత లోతైన శబ్దాన్ని గోడ గానీ కిటికీ గానీ పెద్దగా ఆపలేవు. తలుపులు వేసుకుని పడుకోండి అని సలహా ఇచ్చేవాళ్లు ఈ మాట తెలుసుకోవాలి. దిగేటప్పుడు ఇంకా ఘోరం. ఒక రెక్క వదిలిన గాలి సుడిని వెనకాల వచ్చే రెక్క కొడుతుంది. అప్పుడే ఆ టపటపటప చప్పుడు. మా పేట సరిగ్గా దిగే దారి కింద ఉంది.

వదిన నెత్తళ్లు ఎండబెట్టే చోటు ఆ మైదానం అంచునే. మొదటి రోజు ఆ గాలికి లేచిన ఇసుక మొత్తం చేపల మీద పడింది. ఇసుక పట్టిన ఎండు చేపను ఎవరు కొంటారు? రెండో రోజు నుంచి బుట్టలన్నీ ఇంకో వైపుకు మోసుకుంది. అంత దూరం తడి చేప మోయడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు. ఆ కూలి ఏ టికెట్ ధరలోనూ కలవలేదు.

అమ్మ సంగతి చెప్పకుండా ఉండలేను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది మా గోపాల్‌పూర్ దగ్గరే. ఒడిశాలో అప్పుడు దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు, అందులో మేమూ ఉన్నాం. తర్వాతి రోజుల్లో హెలికాప్టర్ చప్పుడు వినపడితే అందరం బయటికి పరిగెత్తి చూసేవాళ్లం. సాయం వచ్చిందన్న ధైర్యం ఆ చప్పుడు. అమ్మ చెవిలో అది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు వయసు మీద పడింది, మతిమరుపు కూడా వచ్చింది. ఈ శీతాకాలం ఎండ మెరుస్తున్న మధ్యాహ్నం పూట లేచి కూర్చుని "తుఫాను వచ్చిందేట్రా, పిల్లలు ఎక్కడ?" అని అడిగేది. ఒకసారి కాదు, రోజూ. నచ్చజెప్పి పడుకోబెట్టేలోపు మళ్లీ వచ్చేది అది.

మేం చప్పుడు ఎరగని వాళ్లం కాదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఫిరంగుల మోత పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాం. కానీ ఫైరింగ్ ఉందంటే ఫలానా రోజు, ఫలానా టైము, సముద్రంలోకి వెళ్లొద్దని ముందే కబురు వస్తుంది. ఆ రోజును బట్టి మా పని మేం సర్దుకుంటాం. దేశం కోసం చేసేవాళ్లు ముందుగా చెప్పి చేస్తున్నప్పుడు, సరదా కోసం నడిపేవాళ్లకు ఒక్క మాట చెప్పాలని ఎందుకు తోచలేదు?

మేం అడగకుండా ఊరుకోలేదు. ఒక ఆఫీసుకు వెళ్లాం. "పగటి పూటే కదా" అన్నారు. ఇంకో చోటుకు వెళ్తే పర్మిషన్ ఉందన్నారు, ఆ కాగితం మాత్రం చూపించలేదు.

పగటి పూట అన్న మాట దగ్గరే నాకు కడుపు మండింది. మన దేశంలో శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10. మరి రాత్రి సముద్రం మీద ఉండి పగలు పడుకునేవాడి రాత్రి ఏది? ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సుకు, సెక్యూరిటీ గార్డుకు కూడా ఇదే ప్రశ్న. పైగా అక్కడ కొలిచేది సగటు. నిమిషంపాటు చెవులు పగిలేలా మోగి, తర్వాత పది నిమిషాలు ఆగితే కాగితం మీద అంకె తగ్గిపోతుంది. నిద్రకు సగటు ఉండదు. ఒకసారి లేస్తే లేచినట్టే.

ఎత్తు సంగతి కూడా అంతే. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఇళ్లు దట్టంగా ఉన్న చోట మీద 1,000 అడుగులు, మిగతా చోట్ల 500 అడుగుల కంటే కిందికి రాకూడదు. కానీ లేచేటప్పుడు, దిగేటప్పుడు ఈ నియమం వర్తించదు. ఎనిమిది నిమిషాల రైడ్‌లో లేవడం, దిగడం తీసేస్తే మిగిలేది ఎంత?

ఈ గొడవ మా ఒక్కరిదే కాదు. న్యూయార్క్‌లో జనం ఏళ్ల తరబడి పోరాడితే 2016లో ఒప్పందం కుదిరింది. మన్‌హాటన్ కింది భాగంలోని హెలిపోర్ట్ నుంచి ఏడాదికి 60,000 దాకా ఉన్న టూరిస్టు రైడ్‌లను 30,000కు తగ్గించారు, ఆదివారాలు పూర్తిగా ఆపేశారు. అమెరికాలోనే గ్రాండ్ కాన్యన్ లోయ మీద 1986లో రెండు టూరిస్టు విమానాలు, అందులో ఒకటి హెలికాప్టర్, ఢీకొని 25 మంది చనిపోయారు. మరుసటి ఏడాది చట్టం తెచ్చి, లోయకు మళ్లీ నిశ్శబ్దం తిరిగి రావాలని అందులోనే రాశారు. ఒక లోయకు నిశ్శబ్దం అవసరమని చట్టం ఒప్పుకుంది. మనుషులున్న పేట కోసం అడిగితే తప్పేంటి?

తాబేళ్ల మాటా చెప్పాలి. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం. ఏడు నెలల సంపాదన మీద దెబ్బ అది. అయినా 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చి గుడ్లు పెట్టాయంటే మా వాళ్ల కళ్లలోనూ సంతోషమే. అవి పిల్లలయ్యే రోజుల్లో దారి తప్పకుండా ఉండాలని లైట్లు ఆర్పుకునే జనం ఇది. జాలరిని ఇంతగా ఆగమని చెప్పగలిగిన ప్రభుత్వం, అదే తీరం మీద ఎగిరేవాళ్లకు దారి, ఎత్తు, టైము గీసి ఇవ్వలేదా?

రైడ్ వల్ల లాభపడినవాళ్లు లేరని అనను. టీ కొట్టు పిన్నికి ఆ రెండు వారాలు మంచి బేరం. మా చిన్నాన్న కొడుకు పార్కింగ్ దగ్గర నిలబడి రోజు కూలి తెచ్చుకున్నాడు. ఎక్కిన పిల్లల మీద నాకు కోపం లేదు, పైనుంచి సముద్రాన్ని చూడాలని ఎవరికి ఉండదు? కానీ పదిమందికి దొరికిన కూలి పేట మొత్తం నిద్రకు జవాబు కాదు.

ఆపేయమని కూడా మేం అడగడం లేదు. ఎగిరే చోటు పేటకు దూరంగా పెట్టండి. రావడం పోవడం నీళ్ల మీదుగా పెట్టండి. పొద్దున్న పదకొండు నుంచి మూడు వరకు ఎగరొద్దు. రోజుకు ఎన్ని రైడ్‌లో ముందే బోర్డు మీద రాయండి. తాబేళ్ల రోజుల్లో రుషికుల్య వైపు వెళ్లొద్దు. వీటిలో చేయలేని పని ఒక్కటీ లేదు.

వచ్చే సీజన్‌కు మళ్లీ వస్తారని మాట వినపడుతోంది. అందుకే ఇప్పుడే అర్జీ రాస్తున్నాం. ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి పేట గుడి దగ్గర కలుద్దాం. ఎవరింట్లో ఏం జరిగిందో తారీఖుతో సహా చెప్పండి, ఫోన్‌లో వీడియోలు ఉంటే తీసుకురండి. అర్జీ ఒడియాలో ఇవ్వాలి, మాకు మాట్లాడటం వచ్చు గానీ రాయడం అంత బాగా రాదు. బరంపురం కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు ఒకరిద్దరు వస్తే చాలు. నా నోట్‌బుక్ నేను తెస్తాను.