మావయ్య పసుపు, నా యాభై

తణుకు దగ్గర మా మావయ్యకి రైసుమిల్లు ఉంది. మిల్లు ఆఫీసు నుంచి కొత్త గోడౌనుకి కాలవగట్టు వెంబడి 900 మీటర్లు. గోడౌనులో కెమెరాలు పెట్టి, ఆఫీసులో కూర్చుని చూసుకోవాలని ఆయన ముచ్చట. "మామూలు నెట్టు వైరు 100 మీటర్లు దాటితే కష్టం, వెలుగుతో కబురు మోసే గాజుపోగు, ఫైబర్ వెయ్యాల్సిందే" అన్నాను. నేను సరిగ్గా చెప్పింది ఆ ఒక్కటే.

విజయవాడలో కొట్టాయన రెండు ప్యాచ్ కార్డులు, అంటే పొట్టి ఫైబర్ తీగలు, బల్లమీద పెట్టాడు. పసుపుది సింగిల్ మోడ్, నారింజది మల్టీమోడ్. బయట వేసే కేబుల్‌కి ఏదైనా తొడుగు నలుపేనట.

"పసుపు తీసుకోరా అల్లుడూ, శుభం" అన్నాడు మావయ్య.

నవ్వొచ్చింది నాకు. "పసుపుదానిలో వెలుగు పోయే దారి 9 మైక్రాన్లు, నారింజదానిలో 50. మావయ్యా, మీ బోరుకి సన్న పైపు వేస్తారా, లావుది వేస్తారా?"

రైతుబిడ్డ ఇంకేమంటాడు! కొట్టాయన "దూరమెంతండీ?" అంటూనే ఉన్నాడు, నేను బిల్లు రాయించేశాను.

వారం పాటు కందకం తవ్వి, పైపు పరిచి, కేబుల్ లాగించాం. స్ప్లైసింగ్ కుర్రాడు కొసలు అతికించాడు. కొబ్బరికాయ కొట్టాం. స్విచ్చి మీద దీపం వెలగలేదు. ఇంకో కాయ కొట్టాం. అయినా వెలగలేదు.

కుర్రాడు కేబుల్ మీద అక్షరాలు చదివాడు. "గిగాబిట్ వేగానికి ఇది 550 మీటర్లేనండి. దారి వెడల్పైతే వెలుగు పెళ్ళివారిలా పోద్ది. కొందరు తిన్నగా, కొందరు అటూ ఇటూ గోడలు తగులుతూ. అందరూ కలిసే బయల్దేరతారు గానీ తలోసారి చేరతారు. దూరం పెరిగితే ముందు బంతివాళ్ళెవరో వెనక బంతివాళ్ళెవరో తెలీదు. 9 మైక్రాన్లంటే పొలంగట్టు. ఒకరి వెనక ఒకరే. కిలోమీటర్లు పోయినా వరస తప్పదు."

"అంటే పసుపుదేగా?" అన్నాడు మావయ్య, నావైపు చూడకుండా.

మళ్ళీ విజయవాడ. కేబుల్‌తో పాటు స్విచ్చిలో వెలుగు పంపే మాడ్యూళ్ళూ మార్చాలి, 850 నానోమీటర్ల తరంగంవి పోయి 1310వి రావాలి. ఈసారి ఆయన్ని మంచి చేసుకుందామని, పచ్చ కూడా శుభమే కదా అని, కొసలకి పచ్చ కనెక్టర్లు కొన్నాను. కుర్రాడు తల పట్టుకున్నాడు. పచ్చదాని మొన 8 డిగ్రీలు ఏటవాలుగా నూరి ఉంటుందట, మా పెట్టెలో ఉన్నవన్నీ నీలానివి. రెండూ కలిపితే మధ్యలో సందు. శుభం మావయ్య నోట వస్తేనే ఫలిస్తుంది కాబోలు.

నీలం కొసలు తెచ్చాక దీపం వెలిగింది. తెరమీద మొదటి దర్శనం, బస్తాల మీద తీరిగ్గా మీసాలు దువ్వుకుంటున్న పందికొక్కు.

పీకేసిన కేబుల్‌ని డ్రమ్ముకి చుట్టి ఆఫీసులో పడుకోబెట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా మావయ్య కాఫీ తెప్పించి, "అల్లుడూ, గ్లాసు ఆ యాభై మీద పెట్టు, దారి వెడల్పు" అంటాడు.