అలారం మోగుతుంది సరే, లేచేదెవరు?

లండన్‌లోని హీత్రో విమానాశ్రయం 2025 మార్చి 21న దాదాపు రోజంతా మూతపడింది. ముందురోజు రాత్రి నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో 275 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది. 1,300కు పైగా విమాన సర్వీసులు అస్తవ్యస్తమయ్యాయి. ఇదంతా అప్పుడే చదివాం. అదే ఏడాది జూలైలో వచ్చిన తుది దర్యాప్తు నివేదిక మాత్రం మన దగ్గర చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. చదవాల్సింది దాన్నే. హైవోల్టేజీ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులోకి దిగే చోట ఇన్సులేషన్‌గా ఉండే బుషింగ్ దెబ్బతినడం వల్లే మంటలు లేచాయని, అందులోకి తేమ చేరడమే అందుకు కారణం కావచ్చని అది తేల్చింది. ఆ బుషింగ్‌లో తేమ ఎక్కువగా ఉందని నూనె పరీక్షలో తెలిసింది ఎప్పుడనుకున్నారు? 2018 జూలైలో. అయినా దాన్ని మార్చలేదు. 2022లో జరగాల్సిన మెయింటెనెన్స్ కూడా వాయిదా పడింది.

పరీక్ష చేసినవాళ్లు తమ పని చేశారు. ఫలితం మాత్రం దాదాపు ఏడేళ్లు రికార్డుల్లోనే పడుకుంది. అందుకే ఇవాళ ‘సెన్సర్లు పెట్టండి, ఏఐ అన్నీ ముందే చెప్పేస్తుంది’ అని ఊదరగొట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ముందే చెప్పడం కొత్త విద్యేమీ కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ లోపల తేడా వస్తే పసిగట్టే పరికరానికి, అంటే తన రిలేకి, జర్మన్ ఇంజినీరు మాక్స్ బుకోల్జ్ పేటెంట్ తీసుకున్నది 1921లో. నూనె నిండిన ట్యాంకుకూ, పైన ఉండే కన్జర్వేటర్ అనే చిన్న నూనె తొట్టికీ మధ్య పైపులో అది కూర్చుంటుంది. లోపల ఇన్సులేషన్ మాడడం మొదలైతే గ్యాస్ బుడగలు పైకి లేచి రిలేలో పోగవుతాయి. నూనె మట్టం దిగి, ఫ్లోటు వాలి, అలారం మోగుతుంది. పెద్ద ఫాల్టే వచ్చిందనుకోండి, నూనె ఒక్క ఉదుటున తన్నుకొస్తుంది. ఇక అలారాల్లేవు, నేరుగా ట్రిప్పే, అంటే కరెంటు కట్. కంప్యూటర్ పుట్టకముందే, ఒక ఫ్లోటూ ఒక స్విచ్చూ పెట్టి ఇంత పని చేయించిన ఉపాయం ఇంకోటి నాకైతే తోచదు. ఇక నూనెలో కరిగిన వాయువుల పరీక్ష మనిషికి రక్తపరీక్ష లాంటిది. ఇథిలీన్ పెరిగితే లోపల ఎక్కడో విపరీతంగా వేడెక్కుతోందని, ఎసిటిలీన్ కనిపిస్తే నిప్పురవ్వలు ఎగురుతున్నాయని అర్థం. ఇదీ దశాబ్దాలుగా ఉన్నదే.

అప్పుడప్పుడూ తీసే నూనె శాంపిల్, మధ్యలో పుట్టే జబ్బును పట్టుకోలేదు, ఆన్‌లైన్ సెన్సర్ రాత్రీపగలూ చూస్తూనే ఉంటుంది అంటారు. నిజమే, కాదనను. కానీ ఒక్క అంకెనే ఏళ్ల తరబడి పట్టించుకోనివాళ్ల చేతికి నిమిషానికో అంకె ఇస్తే ఏం చేస్తారు? అలారం మ్యూట్‌లో పెడతారు.

పైగా, కాపలా కాసే రిలేకే ఇంకొకరి కాపలా కావాలి. ఫాల్టును అది పసిగట్టినా, కరెంటును తెంచే బ్రేకర్ పడాలంటే బ్యాటరీల నుంచి డీసీ సరఫరా అందాలి. అది లేకపోతే లక్షల రూపాయల రిలే కూడా బొమ్మే. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆ రాత్రి అక్కడ జరుగుతున్నది బ్యాటరీలు మార్చే పనే. ఇది జరిగాక కూడా, మన సబ్‌స్టేషన్లలో బ్యాటరీ గది తలుపు నెలకు ఎన్నిసార్లు తెరుస్తున్నారని అడిగే ఎమ్మెల్యే నాకు కనబడలేదు.

అసలు నా గోడు ఇదే. కొత్త సబ్‌స్టేషన్‌కు శిలాఫలకం ఉంటుంది. బుషింగ్ మార్చినందుకు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. కరెంటు పంపిణీని బాగుచేయడానికి 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం అంచనా 3 లక్షల కోట్ల పైమాటే. అందులో ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించే పనీ ఉంది. ఓవర్‌లోడ్ అని మీటరు చెబుతుంది, బాగుంది. స్తంభం ఎక్కి లోడు సర్దేది లైన్‌మన్ కదా? ఆ పోస్టు ఖాళీగా ఉంటే మీటరు ఎవరికి చెప్పుకోవాలి? కొత్త సెన్సర్లకు టెండర్ పిలిచే ముందు డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఒక పని చేయాలి. వచ్చిన ప్రతి అలారం పక్కన బాధ్యుడి పేరు, సరిచేయాల్సిన గడువు రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

కిందటి ఎండాకాలం ఒక ఊళ్లో పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగాను. అది గాలి పీల్చే బ్రీదర్‌లో, తేమను పట్టేసేందుకు పెట్టే, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ పూర్తిగా గులాబీ రంగుకు తిరిగిపోయింది. అంటే నూనెలోకి తేమ పోతున్నట్టే. ఫ్యూజు ఉండాల్సిన చోట మందపాటి అల్యూమినియం తీగ చుట్టి ఉంది. రంగు మారి రెండు నెలలైందని, రెండుసార్లు ఫోన్ చేశామని పక్క పొలం రైతు చెప్పాడు. మూడు వారాల తర్వాత అది కాలిపోయింది. మోటారుకింత అని చందాలు వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, రైతులే దాన్ని రిపేరు షెడ్డుకు మోసుకెళ్లారు.