గుట్టు విప్పని విజేతకు కప్పు ఎందుకు?

కంప్యూటర్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి తలపడే ప్రపంచ చదరంగం పోటీ 1974లో స్టాక్‌హోమ్‌లో మొదలైంది. పదమూడు ప్రోగ్రాములు బరిలోకి దిగాయి. సోవియట్ యూనియన్‌కు చెందిన కైస్సా అన్ని ఆటలూ గెలిచింది. యాభై ఏళ్ల తర్వాత, 2024లో స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలాలో ఆ పోటీ చివరిసారిగా జరిగింది. యంత్రాలు మనిషిని ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఈ పోటీలతో ఇక పనేముందని అడిగేవారున్నారు. వాటి అవసరం ఇప్పుడే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఒక షరతు ఉండాలి: గెలిచిన ప్రోగ్రాము మూలం, అంటే దాన్ని రాసిన కోడ్, అందరూ చదివేలా బయటపెట్టాలి. అందుకు ఇష్టపడని వారిని పోటీలో చేర్చుకోకూడదు.

ఎందుకంటున్నానో చెప్పడానికి 1977లో టొరంటోలో జరిగిన రెండో ప్రపంచ పోటీని గుర్తుచేస్తాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో తయారైన డచెస్‌తో కైస్సా ఆడుతోంది. డచెస్ మంత్రి వెనక వరుసలోకి వచ్చి రాజుకు చెక్ చెప్పింది. రాజును ఒక గడి ముందుకు జరిపితే చాలని హాల్లో ఉన్నవారంతా అనుకున్నారు. కైస్సా మాత్రం తన ఏనుగును తెచ్చి ఆ మంత్రికి ఊరికే అప్పగించింది. ప్రోగ్రాములో ఏదో లోపం బయటపడిందని దాన్ని రాసినవారే అనుకున్నారు. ప్రేక్షకుల్లో మాజీ ప్రపంచ విజేత మిఖాయిల్ బోత్విన్నిక్ ఉన్నారు. ఆయనకూ ఆ ఎత్తు అర్థం కాలేదు. కైస్సా ఆ ఆట ఓడిపోయింది.

తర్వాత కైస్సా రచయితలు అదే స్థితిని మళ్లీ దాని ముందు ఉంచి, రాజును జరిపి ఉంటే ఏమయ్యేదో చూపించమన్నారు. జవాబు చూసి అందరూ నివ్వెరపోయారు. రాజు జరిగితే డచెస్ తన మంత్రిని బలి ఇచ్చేది. రాజు ఆ మంత్రిని చంపక తప్పదు. ఆపైన శకటు, ఏనుగు కలిసి కొద్ది ఎత్తుల్లోనే ఆట కట్టించేవి. బోత్విన్నిక్ చూడలేకపోయిన ప్రమాదాన్ని పసిగట్టి, ఓటమిని వాయిదా వేసేందుకు కైస్సా ఏనుగును వదులుకుంది. ఓడిన ఆట నుంచి అంత తెలిసిరావడానికి కారణం యంత్రం ఒక్కటే కాదు. ప్రోగ్రామును తయారుచేసినవారు, ప్రత్యర్థులు, చదరంగం పండితులు ఒకే చోట ఉన్నారు. అడిగారు, జవాబు అందరి ఎదుటా వచ్చింది. అదే ఆట ఏ ప్రయోగశాలలోనో తలుపులు మూసుకుని జరిగి ఉంటే, దాన్ని లోపమని రాసుకుని పక్కన పెట్టేసేవారేమో!

నిజమైన లోపాలు కూడా ఇలాంటి చోటే బయటపడతాయి. 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో జర్మనీ ప్రోగ్రాములు ష్రెడ్డర్, జానీ తలపడ్డాయి. ష్రెడ్డర్ గెలుపు స్థితిలో ఉండి కూడా, తనలోని లోపం వల్ల అదే స్థితిని మూడోసారి రానిచ్చింది. అలా వస్తే డ్రా కోరవచ్చు. జానీ తెరపై ఆ సూచన కనిపించింది కూడా. కానీ బల్ల దగ్గర కూర్చున్న జానీ రచయిత డ్రా కోరలేదు. అవతలి ప్రోగ్రాములోని లోపం వల్ల దక్కే అర పాయింటు ఆయన వద్దనుకున్నారు. ఆట కొనసాగి ష్రెడ్డర్ గెలిచింది. చివరికి ఫ్రిట్జ్ అనే మరో ప్రోగ్రాముతో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో నెగ్గి ప్రపంచ విజేత అయింది. ఆ పెద్దమనసుకు నా గౌరవం, ఆ ఫలితాన్ని నిలబెట్టిన నిర్వాహకుల తీర్పుతో మాత్రం నాకు పేచీ. ఆడుతున్నది ప్రోగ్రాములు. జానీ డ్రా అని చెప్పాక, దాని మాటను మనిషి కొట్టివేయకూడదు. ఏమైనా, ఆ లోపం లోకానికి తెలిసింది అందరి మధ్యా ఆడినందువల్లనే.

ఇక కోడ్ సంగతి. 2005లో ఫ్రూట్ అనే ప్రోగ్రాము మూలాన్ని దాని రచయిత ఎవరైనా చదివి, మార్చి వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. అదే ఏడాది ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఫ్రూట్ రెండో స్థానంలో నిలిచింది. అంత బలమైన ప్రోగ్రాము లోపలి పనితీరు అందరికీ అందడంతో ఎందరో రచయితలు దాని నుంచి నేర్చుకున్నారు. ఆ తర్వాత వచ్చిన రిబ్కా 2007 నుంచి 2010 వరకు వరుసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు గెలిచింది. దాని మూలం మూసే ఉంది. ఫ్రూట్ కోడ్‌ను, క్రాఫ్టీ అనే మరో ప్రోగ్రాము కోడ్‌ను అందులో వాడుకున్నారన్న ఆరోపణ వచ్చాక, యంత్రభాషను తిరగదోడి పోల్చి చూడవలసి వచ్చింది. 2011లో నిర్వాహక సంస్థ ఆ నాలుగు టైటిళ్లనూ రద్దు చేసింది. రచయిత ఆరోపణను ఒప్పుకోలేదు. ఆ తీర్పు సబబా కాదా అని వాదించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రిబ్కా మూలం మొదటి పోటీనాడే తెరిచి ఉంటే ఇన్నేళ్ల తగవుకు చోటే ఉండేది కాదు.

గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాజీరో విషయంలో నా ఫిర్యాదు వేరు. నియమాలు తప్ప మరేమీ చెప్పకుండా, తనతో తానే ఆడుకుంటూ నేర్చుకున్న ఆ ప్రోగ్రాము, మూలం తెరిచి ఉన్న బలమైన ప్రోగ్రాము స్టాక్‌ఫిష్‌తో వంద ఆటలాడి 28 గెలిచి, ఒక్కటీ ఓడలేదని 2017 డిసెంబరులో ప్రకటించారు. గొప్ప ఆవిష్కరణే, సందేహం లేదు. కానీ వేదిక వారిదే, యంత్రాలు వారివే, నిబంధనలూ వారివే. స్టాక్‌ఫిష్‌కు ఎత్తుకు ఒక నిమిషం చొప్పున కట్టుదిట్టంగా సమయమిచ్చారు. జ్ఞాపకశక్తి ఒక గిగాబైటే కేటాయించారు. విమర్శలు వచ్చాయి. ఏడాది తర్వాత మెరుగైన నిబంధనలతో వెయ్యి ఆటల ఫలితాలు ప్రచురించారు. ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది. అయినా ప్రోగ్రామును మాత్రం బయటి పోటీకి పంపలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు.

తనతో తానే ఆడి నేర్చుకునే ఆ మార్గం నిజంగా పనిచేస్తుందని లోకానికి రుజువు చేసింది లీలా అనే ప్రోగ్రాము. ప్రచురించిన పద్ధతినే ఆధారం చేసుకుని, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు తమ కంప్యూటర్ల సమయాన్ని ఇచ్చి, 2018లో దాన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. మూలం, శిక్షణ పొందిన నెట్‌వర్కులు (ఆటలాడి నేర్చుకున్నదంతా అంకెల రూపంలో దాచుకునే భాగాలు) అన్నీ బహిరంగమే. ఆ ఏడాదే, ఇంటర్నెట్‌లో జరిగే ప్రోగ్రాముల పోటీ టీసెక్‌లో అట్టడుగు డివిజన్‌లో ఆడి ఆఖరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది, 2019లో, అదే పోటీ తుది సమరంలో వంద ఆటలాడి 53.5–46.5 తేడాతో స్టాక్‌ఫిష్‌ను ఓడించింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. స్టాక్‌ఫిష్ బృందం ఊరుకోలేదు. జపాన్‌లో షోగి ఆట కోసం యు నాసు 2018లో రూపొందించిన చిన్న నెట్‌వర్కు పద్ధతిని తెచ్చుకుని 2020లో తమ ప్రోగ్రాములో చేర్చింది. అలా ఒక ఆట కోసం పుట్టిన ఆలోచన మరో ఆటకు బలమైంది. దారి తెరిచి ఉండబట్టే అది సాధ్యమైంది.

కోడ్ బయటపెడితే దాన్ని అమ్ముకుని బతికేవారు ఏమైపోవాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వారు అమ్ముకోవచ్చు, కాదనను. ప్రపంచ విజేత అన్న బిరుదు మాత్రం సరుకు మీద అంటించుకునే ముద్రగా మారకూడదు. తెరిచిన కోడ్‌ను కొందరు కాపీ చేసి సొంతమని చెప్పుకుంటారన్నదీ నిజమే. స్టాక్‌ఫిష్ రచయితలు అలాంటి వివాదంలో జర్మనీ కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. 2022లో అది రాజీతో ముగిసింది. కానీ అక్కడ కూడా పోల్చి చూడటానికి అసలు ప్రతి అందరికీ అందుబాటులో ఉంది.

కృత్రిమ మేధను తయారుచేసే సంస్థలు ఇవాళ తమ పరీక్షలు తామే పెట్టుకుని, మార్కులు తామే వేసుకుని ప్రకటిస్తున్నాయి. చదరంగం ప్రోగ్రాముల లోకం ఈ పనిని తటస్థ వేదికపై, ప్రత్యర్థి ఎదురుగా, ప్రతి ఎత్తూ నమోదవుతుండగా యాభై ఏళ్లుగా చేసి చూపించింది. అందుకే ప్రపంచ పోటీని మళ్లీ ఎవరైనా తలపెట్టాలి. మూలంతో పాటు శిక్షణ పొందిన నెట్‌వర్కునూ బహిర్గతం చేయాలన్న నియమం మొదటి పేజీలోనే ఉండాలి. రచయితలు ఒకే హాల్లో కలుసుకోవాలి.

ఈ సంచిక చదివేవారిలో సాఫ్ట్‌వేర్ రాసేవారు ఎందరో ఉన్నారు. రాత్రిపూట ఖాళీగా ఉండే కంప్యూటర్‌ను స్టాక్‌ఫిష్ పరీక్షా వేదికైన ఫిష్‌టెస్ట్‌కో, లీలాకో కేటాయించవచ్చు. సి ప్లస్ ప్లస్ తెలిసినవారు స్టాక్‌ఫిష్ మూలం చదివి ఒక మార్పు ప్రతిపాదించవచ్చు. దాన్ని పాత ప్రతితో వేల ఆటలు ఆడించి, గెలిస్తేనే చేర్చుకుంటారు.