వరికి బొత్తిగా మర్యాద తెలీదు

నెల్లూరు దగ్గర కోవూరు వైపు పెన్నా కాలవ కింద ఉన్న మా రెండెకరాల కయ్య ఈ ఎడగారు పంటలో నా పరువు తీసింది. ఎకరాకు నాలుగు పుట్ల వడ్లు ఖాయమని అత్తగారింట్లో చెప్పుకొచ్చాను. నాటిన ఇరవై రోజులకే ఆకుల మీద తుప్పు మచ్చలు! పక్క కయ్య నిగనిగలాడుతుంటే మాది పాత రేకుల షెడ్డులా నిలబడింది. నేనేం తక్కువ చేశాను? దమ్ములో డీఏపీ (భాస్వరం ఎక్కువుండే ఎరువు) దండిగా పోశాను. నాటాక యూరియా చల్లాను. ఎర్రబడిందని మళ్ళీ చల్లాను. ఇంత వడ్డించినా ముద్ద ముట్టని అల్లుణ్ణి ఏ ఊళ్ళోనైనా చూశారా?

విచారిస్తే తేలిందేమంటే, మొక్క అసలు తినదు, తాగుతుందంతే. ఎరువైనా, పేడైనా చివరికి నీళ్ళలో కరిగి, చాలామటుకు అయాన్లు (విద్యుదావేశమున్న అతి చిన్న రేణువులు) అయితే తప్ప వేరు లోపలికి రానివ్వదు. వేరు మీది నూగు ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం. దానికింత టెక్కు! పైగా మొహమాటాలు పనికిరావు. బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశమున్న పొటాషియం, కాల్షియం వాటిని పట్టుకుని వేలాడుతుంటాయి. వేరు ఒక హైడ్రోజన్ అయాన్ వదిలి ఒక పొటాషియం అయాన్‌ను విడిపించుకుంటుంది. కాల్షియానికైతే రెండు వదలాలి. ఇంత కటిక బేరం మన ఎరువుల కొట్లో ఎప్పుడైనా చూశామా? అక్కడ యూరియా బస్తా అడిగినవాడికి అక్కర్లేని డబ్బా ఇంకోటి కలిపి మరీ ఇస్తారు. అదీ మర్యాదంటే.

ఆ యూరియా సంగతి తలుచుకుంటేనే కడుపు మండుతుంది. ఎండలో నిలబడి, ఆధార్ చూపి, వేలిముద్ర వేసి తెచ్చిన 45 కిలోల బస్తా. అందులో నత్రజని 46 శాతం. కయ్య నిండా నీళ్ళుండగా చల్లాను. (నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లాలని నాకూ తెలుసు. కాలవ మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరైనా చెబితే తీసేవాణ్ణే.) బోలెడంత అమ్మోనియా అయి గాలిలో కలిసిపోయింది. గాలిని మాత్రం ఎవరూ వేలిముద్ర అడగలేదు.

చివరికి మా మామ గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక దుబ్బు పీకారు. కింది ఆకు బొటనవేలితో రుద్ది చూశారు. మచ్చ పోలేదు.

"డీఏపీ ఎంత పోశావబ్బయ్యా?"

"ఎకరాకి రెండు బస్తాలు మామా."

"అదే కొంప ముంచింది. ఇది జింకు లోపం. భాస్వరం అంత ఎక్కువైతే ఉన్న జింకు కూడా వేరుకు అందదు. భూసార పరీక్ష కార్డేదీ?"

కార్డు భద్రంగానే ఉంది, పాస్‌బుక్కు కవర్లో, మడత కూడా నలక్కుండా. 12 అంశాల్లో జింకు దగ్గర 'తక్కువ' అని రాసుంది.

లీటరు నీళ్ళకు రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టమన్నారు. రెండు గ్రాములు! బస్తాలు పోసిన చేత్తో చిటికెడు కలపడానికి నామోషీ అనిపించి, చీకటి పడ్డాక కొట్టాను. అయిదు రోజులాగి ఇంకోసారి. కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

నిన్న పక్క కయ్యాయన గట్టు మీదికొచ్చి ఏం వేశావని అడిగాడు. మూడో దఫా యూరియా అని చెప్పాను.